ఆది కుర్తా

మా ఆయన కుట్టుకు వంక పెట్టిన మనిషి మాదన్నపేటలో లేడు. మా కొంప ముంచింది అదే.

ఎవరైనా వచ్చి "ఏంది మాస్టర్, గిట్ల కుట్టినవ్?" అని ఒక్క తిట్టు తిట్టినా మేల్కొనేవాళ్ళం. అందరూ "మస్తుగుంది" అనేవాళ్ళు, మడతపెట్టి పట్టుకుపోయేవాళ్ళు. మరుసటి రంజాన్‌కు నలుగురిలో ఒకరు తగ్గేవాళ్ళు. ఆ పై ఏడు ఇంకొకరు. డెబ్బై ఏడులో రంజాన్ వానల్లో వచ్చింది. ఆ వానల్లో, కూరగాయల మార్కెట్ పక్కన ఉన్న మా అద్దె దుకాణం మల్గిలో, మిషన్ చప్పుడు కంటే చూరు నీళ్ళ చప్పుడే ఎక్కువ వినిపించింది.

మేము మేరోళ్ళం. మా మామ కుట్టాడు, ఆయన తండ్రీ కుట్టాడు. మా ఆయన వైకుంఠం బట్ట మీద సుద్దముక్కతో గీత గీస్తే, స్కేలు పెట్టి చూసినా వంకర దొరకదు. నేను పక్కన చాప మీద కూర్చుని కాజాలు కుట్టేదాన్ని, అంచులు మడిచి చేతికుట్టు వేసేదాన్ని. నోరు మాత్రం ఖాళీగా ఉండేది కాదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత దాచానని అనకండి.

మా గిరాకీ అంతా వెనక గల్లీలోని ముసల్మాన్ ఇళ్ళ ఆడవాళ్ళది. వాళ్ళు దుకాణానికి రారు, మగ దర్జీకి కొలతలివ్వరు. ఇంటి మగవాళ్ళు కొత్త బట్టతో పాటు ఆదికి ఒక పాత కుర్తా తెచ్చి ఇచ్చిపోతారు. దాన్ని పరిచి, కొలిచి, అచ్చం అలాంటిదే కొత్తది కుట్టి ఇవ్వాలి. మా మామ కాలం నుంచీ అదే పద్ధతి. తొడుక్కునే మనిషి పొడుగో పొట్టో మా ఆయనకు తెలిసే దారే లేదు.

రంజాన్ మొదలైన నాలుగో రోజు మధ్యాహ్నం అన్నం తింటూ మా ఆయన చెప్పాడు.

"ఈద్ ఎల్లినంక మల్గి ఖాళీ చేస్తనని వాహెద్ సాబ్‌కు చెప్పిన." వాహెద్ సాబ్ అంటే మా మల్గి యజమాని, అబ్దుల్ వాహెద్.

"ఖాళీ చేసి?"

"సికింద్రాబాద్‌ల ఈశ్వరయ్య బావ లేడా? ఆయన పనిచేసే కార్ఖానాల ఖాకీ డ్రెస్సులు కుడుతరు. రమ్మన్నడు."

"నీకేం పని ఇస్తరట?"

"జేబులు."

"జేబులంటే?"

"జేబులే. ఒకడు కాలర్లు కుడుతడు, ఒకడు చేతులు కుడుతడు, నేను జేబులు. పొద్దంత జేబులే."

అని పప్పు కలుపుకుని ఇంకో ముద్ద తిన్నాడు. ఏడుస్తూ చెప్పినా బాగుండేది. వాన పడేటట్టుంది అన్నంత మామూలుగా చెప్పాడు. పెళ్ళిచూపుల నాడు నా జాకెట్ చేతులు సమంగా లేవని మొహం మీదే అన్న మనిషి ఇతను. తిండికి నేను భయపడలేదు, కార్ఖానాలో తిండికి లోటు రాదు. పొద్దస్తమానం జేబులు కుట్టి కుట్టి ఈ మనిషి లోపల ఆరిపోతాడని భయపడ్డాను.

కంచాలు తీసి ఇంకా చెయ్యి ఆరనేలేదు, కాఫీరంగు చారల కుర్తా వచ్చింది. వెనక గల్లీలోని షౌకత్ బీ ఇంటి నుంచి ఎవరో కొత్త బట్టతో పాటు ఆదికి ఇచ్చిపోయారు. మా ఆయన బల్ల మీద పరిచి టేపు తీశాడు. నేను అటు చూసి సూది పక్కన పెట్టాను.

"ఏందయ్యా, గీ కుర్తా మొన్న రాలే?"

"మొన్నది వేరే ఇంటిది."

"అంతకు ముందు వచ్చింది?"

"గది ఇంకో ఇంటిది. గీ బట్ట అప్పట్ల తానులకు తానులు అమ్ముడువోయింది. గీ కుర్తా గూడ నా చేతి కుట్టే, చూడు ఎంత సాఫ్‌గుందో."

నేను లేచి, కుర్తా కింది అంచు తిప్పి చూపించాను. ఇస్త్రీ పెట్టె తగిలి అర్ధరూపాయంత మాడిన మరక ఉంది.

"మూడిండ్లల్ల మూడు కుర్తాలు. మూడు గూడ ఒక్కతాన్నే మాడినయా?"

మా ఆయన మరకను చూశాడు, నన్ను చూశాడు, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆది ఇచ్చిండ్రు, కుడుత. ఎవరిది ఎవరిదని అడుగుడు నా పనా? లొల్లి పెట్టకు రాజమణీ."

"నీ పని కాకపోతే నా పని," అని టేపు మెడలో వేసుకుని, కుర్తా చంకన పెట్టుకుని చినుకుల్లోనే బయలుదేరాను. వెనక నుంచి ఆయన ఏదో అన్నాడు. వినిపించనట్టే నడిచాను. ఆ విద్య నాకు బాగా వచ్చు.

గల్లీలో మూడో ఇల్లు షౌకత్ బీది. అరవై ఏళ్ళ మనిషి, నిటారుగా ఎత్తుగా ఉంటుంది. ఆమె కోడలు ఖదీజా నా భుజానికి కూడా రాదు. చంకలో నాలుగు నెలల పాప. గోనె పరదా తీసి నన్ను లోపలికి పిలిచింది ఖదీజాయే. మాటలు సగం ఉర్దూలో, సగం తెలుగులో నడిచాయి, మా దగ్గర ఎప్పుడూ నడిచినట్టే.

"అమ్మా, గీ కుర్తా ఎవరిది?"

షౌకత్ బీ కోడలిని చూసింది. కోడలు పాపను చూసింది. "మాదే," అంది షౌకత్ బీ.

"ఇద్దరిదా? మీరు గంత ఎత్తు, ఆమె గింత. ఇద్దరికీ ఒక్కటే ఎట్ల పడుతదమ్మా?"

ఖదీజా నవ్వాపుకోలేక పాప బొంతలో మొహం దాచుకుంది.

"సరే. పోయిన ఈద్‌కు మా ఆయన కుట్టినవి ఏవి? ఒక్కసారి చూపెట్టుండ్రి."

"బహుత్ అచ్ఛా సియే మాస్టర్, మస్తు కుట్టిండు," అని షౌకత్ బీ కళ్ళు దించుకుంది. ఖదీజా మాత్రం వంగి మంచం కింది ట్రంకుపెట్టె లాగింది. అందులో మూడు కుర్తాలు ఉన్నాయి. మా ఆయన పెట్టిన మడతలు పెట్టినట్టే ఉన్నాయి. కాజాలు నా చేతివి. వాటిలో ఒక్క గుండీ కూడా దూరిన జాడ లేదు.

"ఎందుకు తొడగలే?"

"పట్టవు," అంది ఖదీజా. "నాకు పొడుగు. అమ్మీకి భుజాలకాడ బిర్రు."

"మరి చెప్పద్దా?"

"మాస్టర్ తప్పేముంది? ఆది ఇచ్చింది మేమే గద."

అప్పుడు బయటపడింది. ఆ చారల కుర్తా గల్లీ చివరింటి అమ్మాయిది. మూడేళ్ళ కింద పెళ్ళికి కుట్టించుకుంది, తొడిగింది తక్కువ. గల్లీలో తొడిగిన కుర్తాల్లో చినగనిది అదొక్కటే. ఎవరి ఇంట్లో కొత్త బట్ట కొన్నా, ఆదికి దాన్నే అడిగి తెచ్చుకుని పంపుతున్నారు.

"మావి చూడు," అని షౌకత్ బీ దండెం వైపు చెయ్యి చూపింది. ఒకదానికి చంకలో అతుకు, ఒకదానికి వెన్ను మీద రఫూ. "నలుగురు మొగోళ్ళు కూసునే దుకాణంల గివి పరుస్తరా? ఇజ్జత్ ఉండద్దా?"

నేను అక్కడే నేల మీద చతికిలబడి నవ్వాను. నవ్వుతుంటేనే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. మూడేళ్ళుగా మా ఆయన గల్లీ మొత్తానికి ఒక్క పిల్ల కుర్తానే కుడుతున్నాడు, స్కేలు పెట్టినా వంకర దొరకకుండా!

టేపు తీసి ఖదీజాను కొలవబోయాను. పాప ఏడ్చింది. ఆమె గోడ వైపు తిరిగి కుర్తా మొత్తం మెడ దాకా ఎత్తి పాలిచ్చింది. వీపంతా బయటే. ఇంట్లో మామ, మరుదులు ఉన్నప్పుడు పొగలో, వంటింట్లో కూర్చుని ఇవ్వాలట. "పక్కకు ఏడనన్న తెరుచుకుంటే మంచిగుండు అక్కా," అంది, అడక్కూడనిది అడిగినట్టు.

"మీకెట్ల కావాలె అమ్మా?" అని షౌకత్ బీని అడిగాను.

ఆమె ఎడమ చెయ్యి ఎత్తబోయింది. మోచెయ్యి పక్కటెముకల దాకా వచ్చి ఆగిపోయింది. ఆరేళ్ళ కింద వాకిట్లో జారిపడిందట. అప్పటి నుంచీ పొద్దున్నే ఎవరో ఒకరు తల మీదుగా కుర్తా తొడగాలి. మొదట కూతురు, ఆమె పెళ్ళయి వెళ్ళాక కోడలు.

"నాకు పండుగంటే భయం బేటీ," అంది. "కొత్త బట్టంటే చెయ్యి లేపాలె."

నేను ఎగురుకుంటూ దుకాణానికి వచ్చాను. ఇప్పుడు చెప్పబోయేది చెప్పాలంటే ఈనాటికీ సిగ్గే. దుకాణంలో ఇద్దరు గిరాకీలున్నారు, వాహెద్ సాబ్ కూడా ఉన్నాడు. నేను గడప దాటకుండానే మొదలుపెట్టాను. "తెలిసిందయ్యా! షౌకత్ బీకి ఎడమ చెయ్యి లేవదట, ఆరేండ్ల సంది ఎవలో ఒకలు తొడగాల్నట! ఖదీజాకేమో పాలిచ్చెతందుకు..."

"రాజమణీ!"

పదకొండేళ్ళ కాపురంలో ఆయన నా మీద గొంతెత్తింది అదే మొదలు. మగవాళ్ళు ముగ్గురూ నేల చూపులు చూశారు. వాళ్ళు వెళ్ళిపోయాక మా ఆయన తిట్టలేదు. నెమ్మదిగా అన్నాడు.

"చినిగిన కుర్తా నలుగుట్ల పరుస్తరని భయపడి వాళ్ళు వేరేది పంపిండ్రు. నిన్ను నమ్మి నీకు చెప్పుకున్నరు. నువ్వు తెచ్చి ఈడ పరిచినవ్."

చెంప మీద కొట్టినా అంత మంట పుట్టేది కాదు.

మర్నాడు వెళ్తే పరదా తియ్యలేదు. "అమ్మీ పడుకుంది," అని ఖదీజా లోపలి నుంచే అంది. పక్కింట్లోనూ పడుకున్నారు. ఎదురింట్లోనూ పడుకున్నారు. గల్లీ మొత్తం ఒకేసారి పడుకుంది, పట్టపగలు! రెండో రోజూ అంతే. ఇంటికొచ్చి నా నోటిని నేనే తిట్టుకున్నాను.

మూడో రోజు పరదా ముందు నిలబడి, పరదాతోనే మాట్లాడాను.

"అమ్మా, తప్పయింది. నాకు రాయరాదు, చదువరాదు. ఇగో, నా చేతుల దారం ఉంది. టేపు ఏడికి వస్తే ఆడ ముడేస్త. మొదటి ముడి భుజం, రెండోది చెయ్యి, మూడోది ఛాతీ, నాలుగోది పొడుగు. తెరుచుకోవాల్సినకాడ జంట ముడి. దారం కొసకు మీ కొత్త బట్ట పీలిక కడుత. ఎవరి దారమో నాకు తప్ప ఎవ్వలకు తెల్వది. మా ఆయనకు గూడ చెప్ప. తల్లి తోడు."

వాన నా వీపు మీద పడుతూనే ఉంది. లోపల గాజుల చప్పుడయింది. పరదా తీసింది షౌకత్ బీయే.

"నోటికి గూడ ఒక ముడేసుకో," అంది.

లోపలికి వెళ్ళి కూర్చున్నాను. ఆమె తువ్వాలు తెచ్చి నా నెత్తి మీద పడేసింది. తిట్టు తిన్నాక అంత హాయి ఎప్పుడూ కలగలేదు నాకు.

ఆ సాయంత్రం రెండు దారాలు తెచ్చి బల్ల మీద పెట్టాను. మా ఆయన వాటిని టేపు పక్కన పెట్టి ముడి ముడికీ కొలత రాసుకున్నాడు. జంట ముడి దగ్గర ఆగాడు.

"గీ రెండు ముడులేంది?"

"ఆడ తెరుచుకోవాలె."

"కుర్తా భుజం మీద తెరుచుకునుడేంది? ఇంకోటి పక్కకు తెరుచుకునుడేంది? ఏ మాస్టర్ కుట్టిండే గట్ల?"

"నాకేం తెల్సు? పేర్లు చెప్పద్దంటివి, సంగతులు చెప్పద్దంటివి. ముడులు చెప్తున్న, విను."

గొణిగాడు. విసుక్కున్నాడు. పాత దుప్పటి చింపి నమూనా కుట్టాడు, విప్పాడు, మళ్ళీ కుట్టాడు. పక్కకు తెరుచుకునేది ఒక్కపూటలో తేలిపోయింది. చంక కింది కుచ్చు వెనక సందు పెట్టి, పైన మడత కప్పాడు. చేత్తో వెతికితే తప్ప కంటికి కనిపించదు. భుజం దగ్గరే చిక్కొచ్చింది. ఎడమ భుజం నుంచి పక్కదాకా తెరిచి, గుండీలు పెట్టాడు. నేను కాజాలు కుట్టి ఇచ్చాను, నా జన్మలో అంత సన్నగా కుట్టలేదు.

మరునాడు మార్కెట్ నుంచి వచ్చేసరికి దుకాణం తలుపు సగం వేసి ఉంది. లోపల మా ఆయన ఎడమ చేతిని తువ్వాలుతో నడుముకు కట్టేసుకుని, ఆ దుప్పటి కుర్తా తొడుక్కోవడానికి తిప్పలు పడుతున్నాడు. నుదుటి మీద చెమట, కళ్ళద్దాలు ముక్కు చివర. నేను నవ్వబోయి ఆగాను. ఆయన నవ్వులాటలో లేడు.

"కాజాలు తీసెయ్యాలె," అన్నాడు నన్ను చూసి.

"ఎందుకు? ఏమైంది నా కాజాలకు?"

"నీ కాజాలు బంగారమే. ఒక్క చేత్తోని గుండీ దూరది. చూడు." కుడి చేత్తో గుండీ పట్టుకుని ఎంతసేపు తంటాలు పడ్డాడో. "టిచ్ బటన్లు ఏద్దాం. వేలితోని ఒత్తితే పడుతయి. ఇంకొకటి, వెన్ను జర వదులుండాలె. ఒక్క చెయ్యి పనిచేస్తే ఒళ్ళంత తిప్పాల్సొస్తది."

వెన్ను వదులు సంగతి నా ముడుల్లో లేదు. షౌకత్ బీ కూడా చెప్పలేదు. తువ్వాలు కట్టుకుంటేనే తెలిసింది ఆయనకు. నేను చాప మీద కూర్చుని, అంత సన్నగా కుట్టిన కాజాలన్నీ విప్పేశాను.

ఆ తర్వాత గల్లీ నిద్ర లేచింది. ఏ పరదా వెనక ఏం మాట్లాడుకున్నారో కానీ, రోజుకు ఒకరిద్దరు నన్ను పిలిపించుకునేవాళ్ళు. ఒకామెకు ఆస్పత్రిలో ఆయా పని, బస్సు చిల్లరకు లోపలి జేబు కావాలట. ఒకామె పొద్దంతా బీడీలు చుడుతుంది, మోచేతుల దగ్గర రెండు పొరల బట్ట అడిగింది. ఆ జేబు కుట్టేటప్పుడు మా ఆయన ఈలపాట పాడటం విన్నాను. పొద్దంతా జేబులు కుట్టడం వేరు, ఫలానా చేతికి అందేటట్టు ఒక జేబు కుట్టడం వేరు. నెలవంక కనిపించే నాటికి గోడ మేకుకు ముప్పై తొమ్మిది దారాలు వేలాడుతున్నాయి. చారల కుర్తాను చివరింటి అమ్మాయికి తిరిగి పంపించేశాను. పాపం, దాన్ని తొడుక్కునే యోగం ఆమెకు ఆ ఏడే పట్టింది.

సికింద్రాబాద్ మాట మాత్రం మా ఆయన తియ్యలేదు, నేనూ తియ్యలేదు. మాట ఇచ్చిన మనిషి. ఈద్ పొద్దున దుకాణానికి వెళ్ళి, మిషన్‌కు నూనె వేసి తుడిచి, కత్తెరలు మూటగట్టి, మల్గి తాళంచెవి బల్ల మీద పెట్టాడు. నమాజ్ నుంచి తిరిగొచ్చేటప్పుడు వాహెద్ సాబ్ తీసుకుంటాడని. నేను ఆ తాళంచెవి వైపు చూడకుండా మూలలు ఊడ్చాను. ఊడ్చిన మూలనే మళ్ళీ ఊడ్చాను.

అప్పుడు గడప దగ్గర రెండు బుర్ఖాలు ఆగాయి. షౌకత్ బీ, వెనక షీర్ ఖుర్మా పాయసం గిన్నెతో ఖదీజా. ఆ గల్లీ ఆడవాళ్ళు మా దుకాణం మెట్టెక్కడం అదే మొదలు. మా ఆయన గభాలున లేచి నిలబడ్డాడు.

"మాస్టర్," అంది షౌకత్ బీ, "ఇయ్యాల నా బట్టలు నేనే తొడుక్కున్న. ఖదీజా లేచేసరికి తయారై కూసున్న. ఇదేమో నన్ను చూసి ఏడ్చింది, పిచ్చిది."

ఖదీజా అప్పుడూ ఏడుస్తూనే ఉంది, నవ్వుతూ. నా చేతిలో చీపురు ఉందన్న సంగతే మరిచి నేనూ కళ్ళు తుడుచుకున్నాను.

మా ఆయన నేలనే చూస్తున్నాడు. ఎప్పటిలా "ఆది ప్రకారం కుట్టిన" అంటాడనుకున్నాను. అనలేదు.

"తొడిగేటప్పుడు ఇబ్బందేమన్న అయిందా అమ్మా?" అని అడిగాడు. "సచ్ చెప్పుండ్రి."

షౌకత్ బీ నా వైపు చూసింది. నేను తల ఊపాను.

"అయింది," అంది. "పై బటన్ దూరమైంది మాస్టర్. వేలు అందలే. మస్తుసేపు పట్టింది."

ఆ చేతి కుట్టుకు ఎవరైనా వంక పెట్టడం నేను వినడం అదే మొదటిసారి. భయం భయంగా ఆయన మొహం చూశాను. మొహం వెలిగిపోతోంది!

"అట్లనా!" అన్నాడు. మూట విప్పి కత్తెర తీశాడు. దుప్పటి నమూనా బల్ల మీద పరిచి సుద్దముక్క అందుకున్నాడు. "ఎంత కిందికి అమ్మా? గీడికా? గీడికా? జర మీరే చూపెట్టుండ్రి." మాటల్లోనే మేకు వైపు చెయ్యి చాచి, ముప్పై తొమ్మిది దారాల్లోంచి తడుముకోకుండా ఒక దారం తీశాడు. అది షౌకత్ బీదే. ఏ దారం ఎవరిదో అన్ని రోజులూ ఆయనకు తెలియదనే అనుకున్నాను నేను.

షౌకత్ బీ నమూనా మీద వేలు పెట్టి చూపించింది. ఆయన వంగి సుద్దతో గుర్తు గీస్తున్నాడు. ఇంతలో గడప బయట వాహెద్ సాబ్ వచ్చి నిలబడ్డాడు. లోపల ఆడవాళ్ళున్నారని అటు తిరిగి దగ్గాడు.

మా ఆయన తలెత్తలేదు. "జర వెలుతురుకు అడ్డం జరుగుండ్రి సాబ్," అన్నాడు, "పనిల ఉన్న."

వాహెద్ సాబ్ పక్కకు జరిగాడు. నేను చీపురు మూలన పెట్టి, బల్ల మీది తాళంచెవి తీసి కొంగున ముడేసుకున్నాను.